ఫాంటసీ నవల దేంట్లో రాయాలి: నోట్‌బుక్కా, గూగుల్ డాక్సా, స్క్రివెనరా?

నవల రాస్తున్నానని చుట్టాలతో చెబితే ‘కథేంటి?’ అంటారు. రాసే అలవాటున్నవాళ్ళతో చెబితే ‘దేంట్లో రాస్తున్నారు?’ అంటారు. ఈ రెండో ప్రశ్నకు మూడేళ్ళలో నేను నాలుగు రకాల జవాబులు చెప్పాను. మొదట పొడుగు నోట్‌బుక్కు, తర్వాత ఫోను, ఆ తర్వాత డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు, చివరికి మళ్ళీ ఉచితంగా దొరికేవి. ఇలా తిరగడం వల్ల నవల ఆలస్యమైంది. ఏది దేనికి పనికొస్తుందో మాత్రం బాగా తెలిసొచ్చింది.

తొందరలో ఉన్నవాళ్ళ కోసం ఇప్పుడు నేను చేసేది ముందే చెప్పేస్తాను. మొదటి ప్రతి గూగుల్ డాక్స్‌లో, అధ్యాయానికో ఫైలు చొప్పున. లోకం వివరాలన్నీ విడిగా ఒక చిట్టాలో. దిద్దుబాటు వర్డ్ లాంటిదే అయిన లిబ్రెఆఫీస్ రైటర్‌లో. చివరగా ఒక్కసారి కాగితం మీద. ఇవన్నీ మీకు సరిపోతాయని కాదు. ఎందుకు ఇలా కుదిరిందో చదివితే మీకు సరిపడేది మీరే ఏరుకోగలరు.

కుటుంబ నవల రాసేవాళ్ళకు లేని తలనొప్పి ఒకటి ఫాంటసీ రాసేవాళ్ళకు ఉంది. విజయవాడ నుంచి గుంటూరుకు బస్సు ఎంతసేపు పడుతుందో ఎవరూ రాసిపెట్టుకోనక్కర్లేదు, మర్చిపోయినా మ్యాపు చూడొచ్చు. మీరు కల్పించిన ఉప్పులంక నుంచి కొండకోటకు గుర్రం మీద ఎన్ని రోజులో మీరు చెప్పిందే లెక్క. మూడో అధ్యాయంలో నాలుగు రోజులని చెప్పి ఇరవయ్యో అధ్యాయంలో ఒక రాత్రిలో చేర్చేస్తే పాఠకుడు పట్టుకుంటాడు. అందుకని పరికరం ఎంచుకునేటప్పుడు నేను చూసేవి మూడు: తెలుగుని పాడు చేయకుండా ఉంచుతుందా, ముప్పయ్యో అధ్యాయంలో కూర్చుని మూడో అధ్యాయంలో ఏమన్నానో చటుక్కున వెతుక్కోగలనా, ఇంకొకరు దిద్దితే ఆ దిద్దుబాటు నాకు కనిపిస్తుందా. అందమైన తెర, చీకటి మోడు, రోజుకిన్ని మాటలని గంట కొట్టే సదుపాయం లాంటివి తర్వాత సంగతి.

ముందు కీబోర్డు తేల్చుకోండి

అన్ని భాషల అక్షరాలకూ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడు ఉండేలా చేసిన యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. అయినా ఇప్పటికీ కొందరు నవలను నేరుగా యూనికోడ్ కాని ‘అను’ డీటీపీ ఫాంట్లలో, పేజీలు పెట్టే సాఫ్ట్‌వేరైన పేజ్‌మేకర్‌లో కొట్టించుకుంటున్నారు, ‘ఎటూ ప్రెస్సుకి అదే కావాలి కదా’ అని. నా సలహా, వద్దు. ఆ ఫైలు తెరవాలంటే ఆ ఫాంట్లున్న కంప్యూటర్ కావాలి. ఫోన్లో తెరుచుకోదు. పాత్ర పేరు వెతుకుదామంటే తిన్నగా దొరకదు. రాసేదంతా యూనికోడ్‌లో ఉంచుకుని, అచ్చుకి వెళ్ళే రోజున మార్పించుకోవచ్చు.

టైపు చేసే పద్ధతుల్లో అసలు తేడా, మెషీను మీ మాటను ఊహిస్తుందా, మీరు కొట్టింది కొట్టినట్టు ఇస్తుందా అన్నది. ఫోన్లో జీబోర్డు ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు మాటను ఊహించి ఇస్తుంది. వాట్సాప్‌కి బ్రహ్మాండం. ఫాంటసీకి వచ్చేసరికి మీ పాత్రల పేర్లేవీ దానికి తెలియవు కనుక, తనకు తెలిసిన మాటేదో పెట్టేస్తుంది. రాక్షసుడి పేరు కొడితే కూరగాయ పేరొచ్చిన సందర్భం నాకుంది. లేఖిని అనే వెబ్‌సైటు అలా కాదు. అది రైస్ యూనివర్సిటీలో పుట్టిన, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి మీద నడుస్తుంది. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. నియమం నేర్చుకుంటే ఎంత వింత పేరైనా మీరు అనుకున్నట్టే వస్తుంది. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు సిస్టమ్‌తోనే వస్తోంది, దాన్ని ఆన్ చేసుకుంటే చాలు.

ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకునే ఓపిక ఉంటే అదే అన్నిటికన్నా మంచిది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. అన్ని కంప్యూటర్లలోనూ ముందే ఉంటుంది. మొదటి రెండు వారాలు మాత్రం ఏడుపొస్తుంది. డీటీపీ పని, అంటే అచ్చుకు కంపోజు చేసే పని తెలిసి, ఆపిల్ లేదా మాడ్యులర్ అనే కీబోర్డు లేఅవుట్ చేతికి పట్టినవాళ్ళు దాన్ని వదులుకోనక్కర్లేదు. అదే లేఅవుట్‌తో యూనికోడ్ కొట్టే పనిముట్లు దొరుకుతాయి.

నోటితో చెప్పి రాయించడం సంగతి. గూగుల్ డాక్స్‌లో క్రోమ్ బ్రౌజర్ నుంచి వాయిస్ టైపింగ్ తెలుగులో పనిచేస్తుంది, ఫోన్లోనూ అంతే. సంభాషణలకు ఇది చాలా బాగుంటుంది. నోటితో చెప్పిన సంభాషణ నోటితో అన్నట్టే ఉంటుంది, చేత్తో రాస్తే తెలియకుండానే బిగుసుకుపోతుంది. కామాలు, ఫుల్‌స్టాపులు మాత్రం మీరే పెట్టుకోవాలి. యుద్ధ వర్ణనలకు, మంత్రాలకు దీన్ని నమ్మకండి. పేర్ల దగ్గర జీబోర్డు చేసే తప్పే ఇదీ చేస్తుంది, పైగా ఇంకా ధీమాగా.

మొదటి ప్రతి ఎక్కడ

కాగితాన్ని తీసిపారేయొద్దు. 200 పేజీల నోట్‌బుక్కులో రాస్తే ఫోను మోగదు, వెనక్కి వెళ్ళి దిద్దబుద్ధి కాదు. ముందుకే పోతారు. చిక్కల్లా తర్వాతే. చేతిరాత తెలుగుని ఫొటో తీసి అక్షరాలుగా మార్పిద్దామంటే నా చేతిరాతకైతే ఫలితం నవ్వులాట అయింది, చివరికి అంతా మళ్ళీ కొట్టుకున్నాను. ఒక మాట చెప్పాలి, అలా కొట్టుకునేటప్పుడే నా మొదటి దిద్దుబాటు సగం అయిపోయింది. టైమున్నవాళ్ళకు ఇదో పద్ధతే. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి గంటసేపు రాసేవాళ్ళకు కాదు.

గూగుల్ డాక్స్‌కి ఉన్న పెద్ద బలం, ఫోన్లో మొదలుపెట్టిన వాక్యాన్ని లాప్‌టాప్‌లో ముగించొచ్చు. పాత ప్రతులన్నీ వెర్షన్ హిస్టరీలో ఉంటాయి. ఇంతకుముందు నేను వాడిన ఒక నోట్సు యాపు ఒక రాత్రి పదకొండో అధ్యాయం మొత్తం మింగేసింది. అప్పటి నుంచి ఈ హిస్టరీ లేనిదే నిద్రపట్టదు. ఇబ్బంది ఏమిటంటే ఒక డాక్యుమెంట్‌కి 10.2 లక్షల క్యారెక్టర్ల హద్దుంది. చాలా ఎక్కువనిపిస్తుంది గానీ, తెలుగులో లెక్క వేరు. ‘రాజ్యానికి’ అన్న మాట మనకు నాలుగక్షరాలు. కంప్యూటర్‌కు పది, ఎందుకంటే గుణింతం గుర్తులు, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. మాటకు సగటున ఎనిమిది, పక్కన ఖాళీ ఒకటి అనుకున్నా, లక్ష మాటలు దాటాక ఆ హద్దు దగ్గర పడుతుంది. ఫాంటసీ నవలకు లక్ష మాటలు పెద్ద విశేషం కాదు. హద్దు సంగతి అటుంచి, అంత ఫైలు మామూలు ఫోన్లో తెరిస్తే స్క్రోలు చేయడానికే నీరసం వస్తుంది. అందుకే అధ్యాయానికో ఫైలు. 2024 చివర్లో డాక్స్‌లో ట్యాబులొచ్చాయి, ఒకే ఫైల్లో అధ్యాయాలను పక్కపక్కన పెట్టుకోవచ్చు. చిన్న నవలకు అవి చాలు.

వర్డ్, లిబ్రెఆఫీస్ రైటర్ రెండూ పెద్ద ఫైలుని మోయగలవు. అధ్యాయం పేర్లకు హెడింగ్ స్టైల్ పెడితే పక్కన విషయసూచికలా కనిపిస్తాయి, నొక్కితే అక్కడికి వెళ్ళొచ్చు. ఈ చిన్న పని చేయకుండా 400 పేజీలు స్క్రోలు చేసుకుంటూ బతికేవాళ్ళను చూశాను. వర్డ్ ఇప్పటికే ఇంట్లో ఉంటే వాడుకోండి. లేకపోతే దానికోసం కొనక్కర్లేదు, 2010 నుంచి లిబ్రెఆఫీస్ ఉచితంగా ఉంది.

ఇక అందరూ అడిగే స్క్రివెనర్. మ్యాక్ మీద 2007లో వచ్చింది, నవలా రచయితల కోసమే చేసింది. ఇందులో ముఖ్యమైన విషయం ఫైలు కాదు, సన్నివేశం. ఒక్కో సన్నివేశం ఒక్కో చీటీలా ఉంటుంది, చీటీలను బోర్డు మీద అటూఇటూ జరపొచ్చు. మూడు రాజ్యాల కథలు సమాంతరంగా నడుస్తుంటే, ఒక్క రాజ్యం సన్నివేశాలనే వరుసగా ఏరి చదవొచ్చు. ఈ ఒక్క పనిలో దానికి సాటి నాకు దొరకలేదు. ధర సుమారు 60 డాలర్లు, అంటే మన డబ్బులో 5 వేలకు అటూఇటూ. నెలనెలా కట్టేది కాదు, ఒక్కసారే. ట్రయల్ 30 రోజులు, అదీ వాడిన రోజులే లెక్క. వారానికి రెండు రోజులు తెరిస్తే మూడు నెలలకు పైగా వస్తుంది.

మరి నేనెందుకు వదిలేశాను? ఆండ్రాయిడ్‌కు స్క్రివెనర్ లేదు. నేను రాసేదాంట్లో సగం ఎంఎంటీఎస్ రైల్లో రాస్తాను. రెండోది, చివర్లో అంతా కలిపి ఒక ఫైలుగా తీసే ‘కంపైల్’ అనే తతంగం. దాని సెట్టింగులు నేర్చుకోవడానికి ఒక ఆదివారం పోయింది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే రాసేవాళ్ళు, కథ ముక్కలు ముక్కలుగా తట్టేవాళ్ళు ట్రయల్ వేసి చూడండి. వేసిన మొదటి రోజే మీ నవల్లోంచి వత్తులూ సంయుక్తాక్షరాలూ ఎక్కువున్న ఒక పేజీ అందులో పెట్టి, తెరమీద ఎలా కనిపిస్తోందో, బయటికి తీశాక ఎలా ఉందో చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.

లోకం చిట్టా

సాఫ్ట్‌వేరు గురించి ఇంత చెప్పాను గానీ, పరికరాలన్నిట్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఈ చిట్టా. నా నవల్లో మంత్రానికి ఒక నియమం ఉంది: మంత్రం వాడిన ప్రతిసారీ వాడినవాడి జ్ఞాపకం ఒకటి పోతుంది. రాసేటప్పుడు చాలా గొప్పగా అనిపించింది. ఇరవై రెండో అధ్యాయానికి వచ్చేసరికి మా హీరో పదకొండుసార్లు మంత్రం వేసి, తన చిన్నతనం గురించి మూడు పేజీలు పూసగుచ్చినట్టు చెప్పుకుంటున్నాడు. చదివిన మిత్రుడొకడు ‘వీడికి ఏం పోయింది మరి?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు ఎక్సెల్ షీటులో ఒక పట్టిక వేశాను. ఏ అధ్యాయం, ఎవరు వాడారు, ఏ జ్ఞాపకం పోయింది, ఆ తర్వాత ఎక్కడైనా ఆ జ్ఞాపకం ప్రస్తావన వచ్చిందా. నాలుగు గళ్ళు, అంతే. లెక్కా వరసా ఉన్న వాటికి, అంటే రోజులు, వయసులు, దూరాలు, మంత్రాల ఖర్చు, షీటుని మించింది లేదు. గూగుల్ షీట్స్ అయినా ఒకటే.

వర్ణన ఉన్నవాటికి షీటు పనికిరాదు. ఒక కులదేవత కథ, ఒక కోట చరిత్ర గళ్ళలో ఇమడవు. వీటికి అబ్సీడియన్ అనే నోట్సు యాపు బాగుంది. ఉచితం, ఫోన్లోనూ నడుస్తుంది, రాసింది మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా మన కంప్యూటర్లోనే ఉంటుంది. రేపు ఆ కంపెనీ మూతపడ్డా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. ఒక నోటులోంచి ఇంకో నోటుకు లంకె వేయొచ్చు. కోట పేజీ తెరిస్తే, ఆ కోటను ఏయే నోట్సులో తలుచుకున్నారో కింద కనిపిస్తుంది. తెలుగుకి ఇక్కడ ఒక తిరకాసుంది. ఇంగ్లీషులో పేరు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది, మనకు విభక్తి చేరగానే మారిపోతుంది. ‘ఉప్పులంక’ అయితే ఫర్వాలేదు, ‘కళింగం’ అయితే కళింగంలో, కళింగానికి, కళింగపు అవుతుంది. నోటు పేరు ‘కళింగం’ అని ఉంటే ‘కళింగానికి’ దానంతటది లంకె పడదు. దానికి ఏలియాస్ అనే సదుపాయం ఉంది, మారిన రూపాలను అక్కడ చేర్చుకోవాలి. విసుగు పనే, పేరుకి ఒక్కసారి.

కల్పిత లోకాల కోసమే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. మ్యాపులు, వంశవృక్షాలు, ప్రతి జాతికీ వంద ప్రశ్నల ఫారాలు. అవన్నీ నింపుకుంటూ కూర్చుంటే ఏదో రాసేస్తున్నామన్న భ్రమ కలుగుతుంది, నవల ఒక్క పేజీ కదలదు. నాకు రెండు నెలలు అలాగే పోయాయి. నాణేల మీద బొమ్మలు కూడా తేల్చాను, నవల్లో ఎవరూ ఒక్క నాణెం ఖర్చుపెట్టలేదు. కథలోకి వచ్చిందే చిట్టాలోకి రావాలన్నది ఇప్పుడు నేను పెట్టుకున్న కట్టుబాటు.

మాటల కోసం ఆంధ్రభారతి నిఘంటువుల పేజీ తెరిచి ఉంచుకోండి. బ్రౌణ్య, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువుల్లో ఒకేసారి వెతకొచ్చు. పాత ఆయుధాలు, పడవ భాగాలు, కోట భాగాల పేర్లు దొరుకుతాయి. ‘బురుజు’ అందరికీ తెలుసు, ‘అగడ్త’ కొందరికే, ‘కొత్తళం’ ఇంకా తక్కువమందికి. మూడూ ఒకే పేరాలో కుక్కకండి.

ప్లాను వేసుకోవడమా, పోతూ రాయడమా

ఈ గొడవ మీద చాలా రాశారు కనుక క్లుప్తంగా ముగిస్తాను. అంతా ముందే ప్లాను వేసుకుంటే చివర్లో ముడులు బాగా విడతాయి, మధ్యలో పాత్రలు బొమ్మల్లా నడుస్తాయి. పోతూ పోతూ రాస్తే మధ్య బాగుంటుంది, ముగింపు కుదరదు. ఫాంటసీకి నేను చెప్పేది మధ్యేమార్గం: కథ ప్లాను లేకపోయినా ఫర్వాలేదు, నియమాలు మాత్రం ముందే తేల్చుకోండి. మంత్రానికి ఏం ఖర్చవుతుంది, చచ్చినవాళ్ళు తిరిగొస్తారా, దేవుళ్ళు కలగజేసుకుంటారా. ఈ మూడింటికీ జవాబు లేకుండా మొదలుపెడితే కష్టం వచ్చినప్పుడల్లా మంత్రం వేసి గట్టెక్కించేస్తారు.

వారంవారం సీరియల్‌గా ప్రతిలిపి లాంటి చోట పెడుతూ రాసేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. పెట్టేసిన భాగంలో చెప్పిన నియమం పాఠకులకు గుర్తుంటుంది, వెనక్కి వెళ్ళి మార్చడం ఇబ్బంది. సీరియల్ వల్ల క్రమం తప్పకుండా రాస్తారు, ప్రతి భాగం చివర ఏదో ఒక కొక్కెం వేయడం అలవాటవుతుంది. పుస్తకంగా వేసేటప్పుడు ఆ కొక్కేలే అడ్డం పడతాయి. వరసగా చదివేవాడికి ప్రతి పది పేజీలకూ ‘ఇంతలో వెనక నుంచి ఒక కేక!’ అని వస్తే మూడోసారికి నవ్వొస్తుంది.

దిద్దుబాటు

అక్షరదోషాలతో మొదలుపెట్టకండి. రేపు కొట్టేయబోయే సన్నివేశంలో వత్తులు సరిచేస్తూ గంటలు పోగొట్టుకుంటారు. ముందు సన్నివేశాలు ఉండాలా పోవాలా, తర్వాత పేర్లూ పిలుపులూ, తర్వాత వాక్యం, ఆఖరున అక్షరం.

పేర్ల దగ్గర కొంచెం ఆగుతాను, తెలుగులో ఇది పెద్ద గండం. నా హీరో పేరు మొదట శరభుడు. అడవిలో శరభాలనే మృగాలు కూడా ఉన్నాయి. చదివినవాళ్ళు తికమక పడుతున్నారని హీరోని భైరవుడు చేద్దామనుకున్నాను. ‘శరభుడు’ తీసి ‘భైరవుడు’ పెట్టమని ఒక్క నొక్కు నొక్కాను. శరభుడు మారాడు, శరభుడికి, శరభుణ్ణి, శరభుడొచ్చాడు అన్నవన్నీ అలాగే ఉండిపోయాయి. తెలివిగా వెనక్కి తీసుకుని, ఈసారి ‘శరభ’ తీసి ‘భైరవ’ పెట్టమన్నాను. అన్నీ మారాయి. అడవిలోంచి భైరవాల మంద కూడా దూసుకొచ్చింది.

చివరికి పనిచేసింది ఇది: విభక్తి మారినా మారని ముక్క పట్టుకోవాలి. ఇక్కడ అది ‘శరభు’. దాన్ని ‘భైరవు’ చేస్తే శరభుడు, శరభుడి, శరభుణ్ణి, శరభుడొచ్చాడు అన్నీ ఒకేసారి మారతాయి, మృగాల జోలికి పోదు. ‘శరభా!’ అన్న పిలుపులు మాత్రం కంటితో ఒక్కొక్కటే చూసుకోవాలి. ఇంకో కిటుకు, కొత్త పేరు కూడా పాత పేరులాగే ముగిసేలా చూసుకోండి. డు-తో ముగిసేవాడిని అయ్య-తో ముగిసేవాడిగా మార్చాలంటే ప్రతి వాక్యం ముట్టుకోవాల్సిందే.

కంటికి కనిపించని చిక్కు ఇంకోటి. నా నవల్లోని ఒక జాతి పేరు ‘కర్‌వాన్’ అని విడిగా కనపడేలా రాయాలంటే మధ్యలో నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు పడుతుంది. అది లేకపోతే ‘కర్వాన్’ అయిపోతుంది. ఫోన్లో కొట్టినప్పుడు ఒకలా, లాప్‌టాప్‌లో ఇంకోలా పడిందంటే, ఒకటి వెతికితే రెండోది దొరకదు. పరాయి జాతుల పేర్లు పొల్లులతో పెట్టేవాళ్ళు చిట్టాలోంచి కాపీ చేసి అతికించుకోవడం మేలు.

పేర్ల తర్వాత పిలుపులు. ఇంగ్లీషు రచనా పాఠాల్లో ఈ ఊసే ఉండదు, వాళ్ళకు అందరూ ఒకటే ‘యూ’ కనుక. మనకు నువ్వు, మీరు, తమరు, ఏమే, ఏరా, అయ్యా, ప్రభూ ఇన్నున్నాయి. నా నవల్లో రాణిని ముసలి దాది ఒంటరిగా ఉన్నప్పుడు ‘తల్లీ, నువ్వు తిన్నావా’ అంటుంది, సభలో ‘రాణీవారు’ అంటుంది. అది కావాలని పెట్టింది. సేనాపతి మాత్రం ఒక అధ్యాయంలో హీరోని మీరు అని, తర్వాతి అధ్యాయంలో నువ్వు అని, మళ్ళీ మీరు అని పిలిచాడు. అది నా మతిమరుపు. ఇప్పుడు చిట్టాలో ఒక పేజీ దీనికే: ఎవరు ఎవరిని ఏమంటారు, ఎప్పుడు మారుతుంది, ఎందుకు మారుతుంది. ఒక దిద్దుబాటు విడత మొత్తం సంభాషణల్లో ఇదొక్కటే చూస్తాను.

కాలం, దూరం కూడా అంతే. ఘడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. ‘రెండు ఘడియలు గుర్రాన్ని ఉరికించి మూడు కొండలు దాటాడు’ అని రాసేముందు అది గంట కూడా కాదని గుర్తుండాలి. ఆమడకు ఒక్కో ప్రాంతంలో ఒక్కో లెక్క చెబుతారు కనుక మీ లోకానికి ఒకటి ఖాయం చేసుకోండి. మామూలు గుర్రం రోజంతా నడిస్తే 40, 50 కిలోమీటర్లు అనుకోవచ్చు. రెక్కల గుర్రమైతే మీ ఇష్టం, చిట్టాలో రాస్తే చాలు.

వాక్యం దిద్దడానికి చెవిని మించిన పనిముట్టు లేదు. మీరే పైకి చదవొచ్చు, మెషీను చేత చదివించొచ్చు. ఎడ్జ్ బ్రౌజర్లో రీడ్ అలౌడ్‌కి మోహన్, శ్రుతి అని రెండు తెలుగు గొంతులున్నాయి. మనం చదివితే మనసులో ఉన్నదే చదువుతాం, పోయిన మాటను నోరే పూరించేస్తుంది. మోహన్ అలా మొహమాటపడడు, ఏది ఉంటే అదే చదువుతాడు. రెండుసార్లు పడ్డ మాట, సగంలో ఆగిన వాక్యం వెంటనే దొరుకుతాయి. లయ తెలియాలంటే మాత్రం మీ నోరే కావాలి. ఊపిరి అందని వాక్యాన్ని మెషీను ఇబ్బంది లేకుండా చదివేస్తుంది.

స్పెల్‌చెక్ మీద ఆశలు పెట్టుకోకండి. లిబ్రెఆఫీస్‌తో తెలుగు నిఘంటువు వస్తుంది. విడి మాటలకు పనికొస్తుంది. ‘వచ్చేశాడనుకున్నానేమో’ లాంటి మాటను ఏ నిఘంటువు ముందుగా ఊహించి పెట్టుకుంటుంది? పేజీ అంతా ఎర్రగీతలే, అసలు తప్పు వాటి మధ్య దాక్కుంటుంది. నేను దాన్ని ఆపేసి, ఫాంటు మార్చి చదువుతాను. మండలి ఫాంటులో రాసింది సూరన్నలోకో రామభద్రలోకో మార్చి, సైజు పెంచితే పేజీ కొత్తగా కనిపిస్తుంది, కన్ను జారిపోయిన చోట ఆగుతుంది. కాగితం మీద తీయించుకుంటే ఇంకా మంచిది. పేజీకి రెండు రూపాయలనుకున్నా 300 పేజీలకు 600, దీనికి పెట్టే డబ్బు దండగ కాదు.

ఏఐ చాట్‌బాట్లను అడిగి చూశాను. ‘ఈ అధ్యాయంలో ఎవరెవరి పేర్లున్నాయో, ఏ రోజు ఏం జరిగిందో జాబితా ఇవ్వు’ అంటే ఉపయోగమే, సరిచూసుకోవాలి అంతే. ‘తెలుగు బాగు చెయ్యి’ అంటే మాత్రం శ్రీకాకుళం యాసలో మాట్లాడే పడవవాడి చేత వార్తలు చదివించింది. ఆ పని మళ్ళీ అప్పగించలేదు.

మనుషుల్లో ముగ్గురు వేరు వేరు. తొలి పాఠకుడు ఎక్కడ బోరు కొట్టిందో, ఎక్కడ అర్థం కాలేదో చెబుతాడు. అతణ్ణి వత్తులు దిద్దమనకండి. ఫాంటసీ చదవని ఒకరు, బాగా చదివే ఒకరు ఉంటే చాలు. ప్రూఫ్ రీడర్ అక్షరం చూస్తాడు. మన దగ్గర వీళ్ళు దొరుకుతారు, పేజీ లెక్కన తీసుకుంటారు. కథ నిర్మాణం చూసి ‘రెండో రాజ్యం కథ మొత్తం తీసేయండి’ అని చెప్పగల ఎడిటర్ తెలుగులో అరుదు. దొరికితే స్క్రివెనర్‌కి పెట్టే డబ్బు ఆయనకే పెట్టండి. ముగ్గురిలో ఎవరికిచ్చినా వర్డ్‌లోనో లిబ్రెఆఫీస్‌లోనో ట్రాక్ చేంజెస్, డాక్స్‌లో అయితే సజెస్టింగ్ మోడ్ ఆన్ చేసి ఇవ్వండి, ఏం మార్చారో కనిపిస్తుంది. నేరుగా దిద్దనిస్తే మీరు కావాలని రాసిన యాస ఎక్కడ పోయిందో కూడా తెలియదు. ఎవరైనా మర్చిపోయి నేరుగా దిద్దేస్తే, రెండు ఫైళ్ళను పోల్చి తేడాలు చూపించే ‘కంపేర్’ సదుపాయం వర్డ్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ ఉంది. నన్ను రెండుసార్లు గట్టెక్కించింది అదే.

ప్రెస్సుకిచ్చేముందు పేజీలు దేంట్లో పెడతారో అడగండి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పెడతామంటే మీ అదృష్టం. అనులోకి మారుస్తామంటే, మార్చిన తర్వాత పీడీఎఫ్ తెప్పించుకుని మొదటి నుంచి మళ్ళీ చదవాలి, ముందు ఎంత బాగా దిద్దినా సరే. మొత్తం చదివే ముందు వెతకాల్సిన చోట్లు ఒక చీటీ మీద రాసుకోండి: మూడు హల్లులు కలిసిన అక్షరాలు, పొల్లుతో ముగిసే పేర్లు, కొటేషన్ గుర్తులు, అంకెలు. నా మొదటి ప్రూఫులో కర్‌వాన్లందరూ కర్వాన్లయి వచ్చారు, 61 చోట్ల.